పడవలో వచ్చిన పుస్తకము

విజయవాడనుండి హైదరాబాదు పోవు రహదారిమీద నగరము దాటిన కొంతసేపటికి ఇబ్రహీంపట్నము వచ్చును. ఒకవైపున కొండపల్లి కొండలు, మరియొకవైపున కృష్ణానది. ఈ యూరి ఫెర్రీ రేవుకడ 2015వ సంవత్సరమున ఒక క్రొత్త సంగమ మేర్పడినది. పట్టిసీమవద్ద ఎత్తిపోసిన గోదావరి నీరు కాలువల వెంట ప్రయాణము చేసి వచ్చి ఇచ్చట కృష్ణలో కలిసినది. మరుసటి యేట పుష్కరములనాటికి ఆ తావునకు పవిత్ర సంగమమను పేరు స్థిరపడినది. సాయంకాలమున పిల్లలను వెంటబెట్టుకొని అచ్చటికి వచ్చు కుటుంబములను మనము నేటికిని చూడవచ్చును.

ఆ నీటికంటె నూరేండ్లకు ముందే గోదావరి సీమనుండి కృష్ణాతీరమునకు మరియొక ప్రవాహము వచ్చి చేరినది. అది పుస్తకముల ప్రవాహము. తూర్పుగోదావరి జిల్లా కొంకుదురులో 1890లో జన్మించిన అయ్యంకి వెంకటరమణయ్యగారు బెజవాడను తమ కార్యస్థానముగా జేసికొని గ్రంథాలయోద్యమమునకు జీవితమంతయు ధారవోసిరి. ఆ యుద్యమచరిత్రను ఇప్పుడు స్మరించుట కేవలము పెద్దలకు నివాళి యర్పించుటకు కాదు. మన యిండ్లలో ఒక ప్రశ్న నిలిచియున్నది. పిల్లలు పాఠములు చదువుచున్నారు, పరీక్షలలో మార్కులు తెచ్చుకొనుచున్నారు. కాని సెలవు దినమున ఎవ్వరును చెప్పకుండ, ఏ లాభమును కోరకుండ, ఒక కథల పుస్తకమును తమంతట తాము తెరచువా రెందరు? చదువుమని చెప్పుటకును, చదువులోని రుచి చూపుటకును గల భేదమును ఈ డెల్టాలోని పెద్దలు ఒకప్పుడు బాగుగా నెరిగియుండిరి. వారేమి చేసిరో చూతము.

1911లో బెజవాడలో రామమోహన ధర్మ పుస్తక భాండాగారము వెలసినది. 'ధర్మ' యను మాటను గమనింపవలెను. రుసుము లేకుండ, కులమత భేదము లేకుండ ఎవ్వరైనను వచ్చి చదువుకొనవచ్చునని దాని భావము. తాళపత్రములు పండితుల పెట్టెలలోను, అచ్చు పుస్తకములు ధనికుల బీరువాలలోను ఉండు కాలమున ఆ మాట చిన్నది కాదు. ఆ సంస్థ యాశ్రయముననే 1914 ఏప్రిలు 10వ తేదీన ఆంధ్రదేశములోని గ్రంథాలయముల ప్రతినిధు లొకచోట సమావేశమైరి. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మానాడు పుట్టినది. దేశములో ఇట్టి సంఘములకు అదియే మొదటిదని గ్రంథాలయ చరిత్రకారులు చెప్పుదురు.

ఆ తొలి మహాసభకు అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. ఇచ్చట మనము ఒక్క క్షణ మాగవలెను. చిలకమర్తివారికి చిన్ననాటనే రేచీకటి యుండెను. దీపము ముందు కూర్చుండి చదువుకొనుటకు వారికి వీలులేకపోయెను. రాత్రివేళ స్నేహితులు పైకి చదువుచుండగా విని పాఠములను పట్టుకొనిరి. పిమ్మట చూపు పూర్తిగ పోయినను 'గణపతి' వంటి నవలలను, ప్రహసనములను తెలుగువారికి అందించిరి. పుస్తకము లందరికిని చేరవలెనని తీర్మానించిన సభకు, పుస్తకమును చెవితో చదివిన మహనీయుడు అధ్యక్షుడగుట యాదృచ్ఛికమే కావచ్చును. అయినను దానిలో ఒక సత్యము కలదు. చదువు కంటి కబ్బుటకు ముందు చెవి కబ్బును. అక్షరము రాని పసివానికి తల్లి చదివి వినిపించిన కథయే వాని మొదటి గ్రంథము.

ఈ సంగతి మన గ్రామములకు క్రొత్తది కాదు. వేసవి రాత్రులలో ఊరి రచ్చబండమీదనో, ఒక పెద్దయింటి యరుగుమీదనో ఒకరు భారతమో, భాగవతమో చదువుచుండగా, మరియొకరు అర్థము చెప్పుచుండగా, ఊరంతయు వినుచుండెడిది. అక్షరజ్ఞానము లేనివారును పద్యములను కంఠస్థము చేసిరి. గ్రంథాలయోద్యమము ఈ యలవాటును వదలలేదు. దానికి క్రొత్త వస్తువు నందించినది. పురాణమునకు తోడు వార్తాపత్రిక వచ్చెను. గ్రంథాలయపు వసారాలో ఒకరు పత్రిక పైకి చదువగా రైతులు, కూలీలు చుట్టు జేరి వినుట ఆ రోజులలో సామాన్య దృశ్యము. పెద్దల మోకాళ్ళనడుమ కూర్చున్న పిల్లల నెవ్వరును పొమ్మనలేదు, ఉండుమనియు నిర్బంధింపలేదు. వారు విన్నంత వినిరి, నిద్ర వచ్చిన నిద్రపోయిరి. పుస్తకమనగా పెద్దవారు ఇష్టపడి చుట్టు చేరెడి వస్తువని మాత్రము ఆ పిల్లల మనసున నాటుకొనెను.

ఇంతవరకు పాఠకుడు పుస్తకమున్న చోటికి పోయెను. కొంతకాలమునకు పుస్తకమే పాఠకుడున్న చోటికి బయలుదేరినది. నదికి ఆవలి యొడ్డున, గుంటూరు జిల్లాలోని పెదపాలెము గ్రామమున పాతూరి నాగభూషణంగారు సేవాశ్రమమును నడపుచుండిరి. 1935లో వారు పెదవడ్లపూడి, కొల్లిపర గ్రామముల నడుమ కాలువపై తిరుగు పడవలో ఒక గ్రంథాలయము నేర్పాటు చేసిరి.

నేటి పిల్లలకు ఆ పడవ యెట్టిదో చెప్పవలెను. 1855లో బెజవాడవద్ద ఆనకట్ట పూర్తియైన తరువాత డెల్టా కాలువలు పొలములకు నీరిచ్చుటయేగాక రాకపోకలకు దారులును అయ్యెను. ధాన్యపు బస్తాలు, పెండ్లివారు, బడికి పోవు విద్యార్థులు, అందరును పడవలలోనే ప్రయాణము చేసిరి. గాలి వాలు కుదిరినప్పుడు తెరచాప యెత్తుదురు; కుదరనప్పుడు మనుష్యులు గట్టు వెంట నడచుచు త్రాటితో పడవను లాగుదురు. లాకులవద్ద నీరు సమమగువరకు వేచియుండవలెను. ప్రయాణము మనిషి నడకకంటె పెద్ద వేగముగ సాగదు. చేతికి పని లేదు, దిగిపోవుటకు వీలులేదు, ఎదుట నీరు, ప్రక్కన వరిచేలు. అట్టి తీరిక వేళలో చేతికందునంత దూరమున ఒక పుస్తకమున్న యెడల దానిని తెరవనివాడెవడు?

నాగభూషణంగారి యూహలోని బలము ఇదియే. జనులు పుస్తకమును ప్రేమింపలేదని వారు నిందింపలేదు. చదువు గొప్పదనమునుగూర్చి గట్టుమీద నిలిచి ఉపన్యసింపలేదు. మనుష్యునకు తీరిక యెక్కడ దొరకుచున్నదో కనిపెట్టి, అచ్చట పుస్తకము నుంచిరి. పుస్తకములు ఉపయోగము కొఱకేయనియు, ప్రతి పాఠకునికి వాని పుస్తకము దొరకవలెననియు ఎస్.ఆర్. రంగనాథన్‌గారు మద్రాసులో తమ పంచసూత్రములను ప్రకటించినది 1931లో. ఆ సూత్రములు మన కాలువ నీటిమీద తేలియాడుటకు నాలుగేండ్లు చాలినవి.

అయితే ఒక లోపమును ఒప్పుకొనవలెను. తొలినాటి గ్రంథాలయములలో పిల్లల కొఱకు వ్రాసిన పుస్తకములు మిక్కిలి స్వల్పము. నీతిశతకములు, వాచకములు, పురాణగాథలు ఉన్నవి. బాలుడు నవ్వుటకు వ్రాసిన పుస్తకము లేవి? చింతా దీక్షితులుగారివంటి కొందరు బాలుర మనసు నెరిగి కథలల్లిరి. కాని ఆ తరమున పిల్లల పుస్తకము ఇంటింటి వస్తువు కాలేదు. ఆ కొరత తీర్చుటలో రేడియోకును భాగము కలదని ఈ పత్రిక చదువువారికి చెప్పనక్కరలేదు.

మద్రాసు రేడియో కేంద్రమునుండి న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు రేడియో అన్నయ్య, అక్కయ్య యను పేర్లతో తెలుగు పిల్లలను పలుకరించిరి. పిల్లలచేతనే పాటలు పాడించిరి, కథలు చెప్పించిరి, నాటికలు వేయించిరి. ఆ దంపతులే 1945లో 'బాల' యను మాసపత్రికను స్థాపించిరి. చెవితో కథ విన్న పిల్లవానికి కంటితో కథ చదువుకొను కోరిక పుట్టునని వా రనుభవముమీద గ్రహించిరి. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము ప్రారంభమైన తరువాత డెల్టా పిల్లలకు తమ యూరి గాలిలోనే తమ భాష వినవచ్చినది.

నడుమ 1947 జులైలో మద్రాసునుండి 'చందమామ' వెలువడినది. దానిని స్థాపించినవారు బి. నాగిరెడ్డి, చక్రపాణిగారలు. చక్రపాణిగారు తెనాలివారు. పిమ్మట దీర్ఘకాలము ఆ పత్రికకు రూపుదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారును తెనాలిలో పుట్టినవారే. పిల్లలకు తెలిసిన మాటలు, చిన్న వాక్యములు, ప్రతి కథకును బొమ్మ. ధారావాహిక మాత్రము ప్రతి నెలయు కథానాయకుడు ఆపదలో చిక్కుకొన్న చోటనే ఆగుట. ఇక ముప్పది దినములు నిరీక్షింపవలెను. తపాలాబంట్రోతు వీధి మొగలో కనబడగనే పిల్లలు పరుగెత్తుట, అన్నదమ్ములు ముందు నేనంటే నేనని లాగుకొనుట, చివరకు పెద్దవాడు పైకి చదువగా మిగిలినవారు వినుట, ఇవి ఆనాటి యిండ్లలో పెరిగినవారి కందరికిని జ్ఞాపకమే. ఏ ఉపాధ్యాయుడును చందమామలో పరీక్ష పెట్టలేదు. అందుచేతనే కాబోలు అందులోని కథలు జీవితాంతము గుర్తున్నవి. ఆ పత్రిక ముద్రణ 2010 తరువాతి కొలది యేండ్లలో నిలిచిపోయినది. పాత సంచికలను వెదకి చదువువారు మాత్రము నేటికిని కలరు.

సరదా చదువును పెద్దలు ఎల్లకాలమును ఆమోదించిరని చెప్పుట న్యాయము కాదు. వేయి నవలలు వ్రాసిరని ప్రసిద్ధిపొందిన కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారి చిన్న పుస్తకములు రైల్వే స్టేషనులలో అమ్ముడుపోవుచున్నప్పుడు వానిని చూచి ముఖము చిట్లించిన పెద్దలు అనేకులు. పాఠ్యపుస్తకము నడుమ డిటెక్టివు నవల దాచుకొని చదివి దెబ్బలు తిన్నవారు ప్రతి కుటుంబమునను ఒకరిద్దరుందురు. చెడుపుస్తకము చెరుపు చేయునను భయము నిరాధారము కాదు. పిల్లవాని చేతి కేమి చేరుచున్నదో పెద్దలు చూడవలసినదే. కాని తేలిక పుస్తకమును చెడుపుస్తకముతో సమానము చేయుట మనము చేసిన పొరపాటు. తేలిక పుస్తకమువలననే వేగముగ చదువుట యలవడును. వేగము వచ్చిన వెనుకనే బరువైన గ్రంథము మోయుటకు శక్తి వచ్చును. ఏటి లోతులో నీదువాడు ముందుగా ఒడ్డున మోకాటి లోతు నీటిలో ఆడుకొన్నవాడే గదా!

ఈ పొరపాటు ఇతరులదని చెప్పి తప్పించుకొనజాలము. మా యింట ఎనిమిదేండ్ల మనుమడు కలడు. వానికి ఒక కథల పుస్తకము తెచ్చి యిచ్చితిమి. వాడు మొదటి కథను ఉత్సాహముతో చదివెను. చదివి ముగింపగనే మేము, "ఈ కథలో నీతి ఏమిటిరా?" అంటిమి. వాడు తడబడెను. పాత్రల పేర్లడిగితిమి, కఠిన పదములకు అర్థములడిగితిమి, చివరకు కథను స్వంతమాటలలో వ్రాసి చూపుమంటిమి. మరునాటి సాయంత్రము పుస్తకము చేతికీయబోగా వాడు చేతులు వెనుకకు దాచుకొని, "వద్దు తాతయ్యా, చదివితే మళ్ళీ ప్రశ్నలు అడుగుతావు" అనెను. ఏడాదుల తరబడి గ్రంథాలయోద్యమమునుగూర్చి ప్రసంగించినవారికి ఆ ఒక్కమాట చాలును. పడవ యెక్కిన వానిని పాఠశాలలో దింపితిమి.

దానిని దిద్దుకొనుటకు నెలదినములు పట్టినది. రాత్రి భోజనముల పిమ్మట మేమే కథను పైకి చదువనారంభించితిమి. వాడు వినవచ్చును, లేచిపోవచ్చును. ఒకనాడు రాక్షసుడు తలుపు తట్టిన చోట ఆపి, కండ్లు అలసినవని చెప్పి, పుస్తకమును ఉయ్యాల బల్లమీద తెరచి యుంచి నిద్రకు పోయితిమి. ఉదయము కాఫీ త్రాగుచుండగా వాడు వచ్చి చెవిలో, "ఆ రాక్షసుడు చచ్చిపోలేదు తాతయ్యా, ఊరికే నటించాడు" అనెను. మే మే ప్రశ్నయు వేయలేదు. "అట్లాగా!" యని మాత్ర మంటిమి. నాటినుండి వాడు తనంతట తాను చదువుచున్నాడని చెప్పుటకు లేదు. టెలిఫోను తెర వాని నింకను లాగుచునే యున్నది. కాని వారమున రెండు మూడు పర్యాయములు ఆ యుయ్యాలమీద పుస్తకము చోటు మారియుండుట కనిపించుచున్నది.

టెలిఫోను తెరను తిట్టుటవలన ఫలము లేదు. అది బిడ్డ చేతికందు దూరమున నున్నది. పుస్తకము బీరువాలో తాళము క్రింద నున్నది. 1935నాటి పడవ నడిపినవారు ఈ సూక్ష్మమునే గ్రహించిరి. బిడ్డకు తీరిక దొరకు తావులు మన యింట నెక్కడనో లెక్కింతము: వసారా, మంచము తలాపి, బస్సు ప్రయాణము, వైద్యుని యింట నిరీక్షణము. ఆయా తావుల నొక పుస్తకము చేరిన, అదియే మన పడవ.

ఇండ్లలో పుస్తకములు కొనలేనివారి సంగతి యేమని యడుగవచ్చును. ఆ పని ఉద్యమనాయకులు ముందే చేసిరి. స్వతంత్ర భారతదేశమున మొట్టమొదటి పౌర గ్రంథాలయ శాసనము 1948లో మద్రాసు రాష్ట్రమున వచ్చినది. ఆంధ్రప్రదేశమునకు 1960లో ప్రత్యేక శాసన మేర్పడినది. దాని క్రింద ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలగును. అనగా ఇంటిపన్ను కట్టు ప్రతి గృహస్థుడును గ్రంథాలయమునకు ముందే సొమ్ము చెల్లించినాడు. అచ్చటి పుస్తకము మన బిడ్డకు దానము కాదు, హక్కు. పన్ను కట్టి పుస్తకము తెచ్చుకొనకపోవుట కొట్టులో డబ్బిచ్చి సరకు మరచి వచ్చుటవంటిది. తెచ్చుకొనువారు తగ్గినచో గ్రంథాలయపు తలుపులు తెరచు వేళలు తగ్గును, క్రొత్త పుస్తకములు తగ్గును. అప్పుడు తెచ్చుకొందమన్నను దొరకవు.

అఖిలభారత పౌర గ్రంథాలయ మహాసభ 1919 నవంబరు 14న మద్రాసులో మొదలైనది. దానికి పూనుకొన్నవారిలో మన అయ్యంకివారు ముఖ్యులు. ఆ దినము జ్ఞాపకార్థమే నవంబరు 14 మొదలు 20 వరకు గ్రంథాలయ వారోత్సవములు జరుగుచున్నవి. నెహ్రూగారి జన్మదినమగుటచే బాలల దినోత్సవమును ఆనాడే. పుస్తకమునకును బిడ్డకును ఒకే పండుగ! ఆ వారమున గ్రంథాలయములు పిల్లలతో నిండును. వ్యాసరచన పోటీలు, వక్తృత్వ పోటీలు, బహుమతులు. ఇవి మంచివే. కాని బహుమతి కొఱకు వచ్చిన బిడ్డ బహుమతి తీసికొని పోవును. 21వ తేదీన వచ్చు బిడ్డయే పాఠకుడు.

ఇబ్రహీంపట్నమునకు ప్రక్కనే కొండపల్లి యున్నది. తెల్ల పొణికి కఱ్ఱను చెక్కి, రంగులు వేసి, ఏనుగు అంబారీలను, పల్లెపడుచులను, దశావతారములను చేయు కళాకారు లక్కడ తరతరములుగా నివసించుచున్నారు. ఆ కొండపల్లి బొమ్మను బిడ్డ చేతి కిచ్చిన తల్లి ఏనాడైనను, ఆట ముగిసిన వెనుక, ఇందు నీవు నేర్చినదేమని యడిగినదా? ఆడుకొన్న బిడ్డ ఏనుగును తెలిసికొనెను, రంగును తెలిసికొనెను, బొమ్మ సొట్టపడకుండ పట్టుకొనుటయు తెలిసికొనెను. పుస్తకమును కూడ కొన్నాళ్ళు బొమ్మవలె వాని చేతిలో నుండనిత్తము.

కావున ఈ రాత్రి రేడియోలో వార్తలు ముగిసిన తరువాత ఒక పావుగంట సేపు ఇంటిలోని పెద్దలెవరైనను పిల్లలకు ఒక కథ పైకి చదివి వినిపింపుడు. మంచి ఘట్టమున ఆపుడు. ప్రశ్న లడుగకుడు. నవంబరు 14న పిల్లలను మీ యూరి గ్రంథాలయమునకు తీసికొని పోవుడు. 21న, ఏ యుత్సవమును లేని నాడు, మరల తీసికొని పోవుడు.